డబ్బాలో పడుగు కొసలు

అమ్మ పోయిన నెలలో నేను చేసిన ముఖ్యమైన పనుల్లో ఒకటి, కారుకు ఆయిల్ డబ్బా పెట్టించడం. ఇది చెప్పుకోదగ్గ విషయం కాదని నాకూ తెలుసు. కానీ ఆ నెలంతా ఇంటికి వచ్చినవాళ్ళు నా ముఖం వైపు చూసి దేనికోసమో వెతికి, అది దొరక్క కాఫీ తాగి వెళ్ళేవాళ్ళు. నాకు ఏడుపు రాలేదు. రాకపోవడం గురించి బాధ కూడా రాలేదు. కారు మాత్రం పొగ వదిలింది. ఇంట్లోంచి బయట పడడానికి అంతకంటే మర్యాదైన కారణం దొరకదని, తిరువళ్ళూరు దాటాక తిరుత్తణి రోడ్డు మీద నా బావమరిది ధనపాల్ పెట్టుకున్న షెడ్డుకు తోలుకుపోయాను.

ధనపాల్ బానెట్ ఎత్తి, నూనె పోసే మూత తీసి, దాని మీద అరచెయ్యి పెట్టి కొంతసేపు నాడి చూసే వైద్యుడి మాదిరి నిలబడ్డాడు. "ముసిల్దైపోయింది బావా నీ ఇంజిన్. ఊపిరంతా కిందికే పోతా ఉండాది" అన్నాడు. నాదీ అంతేనన్నాను. "నిన్ను విప్పి చూసేకి స్పానర్లు లేవు కదా" అని నవ్వి, వెంటనే మా ఇంట్లో చావు గుర్తొచ్చి నవ్వు ఆపేశాడు. ఆపక్కర్లేదని చెప్పడానికి నాకు ఓపిక లేకపోయింది.

విషయం ఇది. ఇంజిన్‌లో పేలే గ్యాసు కొంత పిస్టన్ పక్కల నుంచి కిందికి, నూనె ఉండే గదిలోకి జారుతుంది. దానికి దారి ఇవ్వకపోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి ఒక గొట్టం ద్వారా దాన్ని మళ్ళీ గాలి పీల్చే దారిలోకే పంపుతారు. ఇంజిన్ పాతదైతే ఆ గ్యాసు వెంట నూనె ఆవిరి కూడా పోయి, ఆ దారంతా మసిగా పేరుకుంటుంది. మధ్యలో ఒక డబ్బా పెడితే, ఆవిరి అందులోకొచ్చి చల్లబడి, నూనె అడుక్కు చేరుతుంది, గాలి తన దారిన పోతుంది. అప్పుడప్పుడూ అడుగున ఉన్న బిరడా తిప్పి ఖాళీ చెయ్యాలి, లోపలి పీచు కడగాలి, గొట్టాలు నొక్కి చూడాలి. ఇంతకు మించి అది మననుంచి ఏమీ కోరదు. మా ఇంట్లో ఇంత తక్కువ కోరేది ఇంకొకటి లేదు, నన్ను కలుపుకున్నా సరే.

కొన్ని వారాల తర్వాత ఖాళీ చేయించడానికి వెళ్తే, నల్లగా రావాల్సింది తెల్లగా, చిలికిన మజ్జిగలా జారింది. "పొద్దున చలి కదా బావా. నువ్వు పాలకు పొయ్యేకి, పేపరుకు పొయ్యేకి చిన్న చిన్న దూరాలు తిప్పుతా ఉండావు. ఇంజిన్ కాగేలోపల ఆపేస్తావు. ఆవిరి నీళ్ళై నూనెలో కలిసిపోయింది, వేరే ఏం లేదు" అన్నాడు ధనపాల్. డబ్బాలోంచి స్టీలు పీచు తీసి దులిపాడు. గిన్నెలు తోముకునేదే. నేను దాన్ని చూస్తూ, "నూలు పెట్టరా దీంట్లో?" అన్నాను.

"నూలా? నూలు ఎవురన్నా పెడతారా బావా?"

"మేం పెట్టినాం."

అతను నా వైపు కాస్త జాలిగా చూసి, పెద్దావిడ పోయినాక మనిషి అదోలా ఉన్నాడనుకుని, టీ తెప్పించాడు.

మా ఇల్లు తిరుత్తణి పక్కన కే.జీ.కండిగైలో, మగ్గాల వీధిలో ఉండేది. మా వీధిలో తెల్లవారడం సూర్యుడితో సంబంధం లేకుండా గంజి వాసనతో జరిగేది. మా అవ్వ, అంటే నాయన వాళ్ళ అమ్మ, అందరికంటే ముందు లేచి పెద్ద సట్టిలో బియ్యం గంజి కాచేది. దాంట్లో సగం మాకు, సగం నూలుకు. నూలుకు పెట్టే గంజిలో కాస్త కొబ్బరి నూనె, మా గంజిలో కాస్త ఉప్పు. అవ్వకు చూపు మందగించాక ఈ రెండూ అటూ ఇటూ అయ్యేవి. నూలు ఎప్పుడూ ఫిర్యాదు చెయ్యలేదు. ఎండ ముదరకముందే వీధి పొడుగునా పడుగు సాచి, రెండు పక్కలా మనుషులు నిలబడి, గంజి పట్టించి కుచ్చులనే పెద్ద బ్రష్షులతో దువ్వేవాళ్ళు. నిలువు పోగులైన పడుగుకే ఈ మర్యాద. అడ్డంగా నడిచే పేక నూలుకు గంజి అక్కర్లేదు, అది మెత్తగానే ఉంటుంది. ఆరిన పడుగు మీద చెయ్యి వేస్తే కొత్త నోటు మాదిరి గరగరలాడేది. ఆ వీధిలో పుట్టిన ఎవరికైనా కళ్ళు కట్టినా కాగిన గంజి వాసనను ఎంత దూరం నుంచైనా చెప్పడం వచ్చు. అది మాకు చదువు కాదు, ముక్కు.

అమ్మ గుంట మగ్గం ముందు గదిలో ఉండేది. నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టి, గట్టు మీద కూర్చుని, రోజంతా మాకు వీపే చూపిస్తూ సంసారం నడిపేది. తల తిప్పకుండానే కూర మాడుతోందని చెప్పేది, ఎవరు గడప దాటారో చెప్పేది, నేను కాలేజీ నుంచి వచ్చి పుస్తకం తెరిచానో, తెరిచినట్టు నటించానో చెప్పేది. ఆమె నేసేది తిరువళ్ళూరు వ్యాపారి చీరలు. రంగు ఆయన చెప్పిందే, అంచు ఆయన పంపిందే, నూలు ఆయన ఇచ్చిందే. చీర కోసి ఇచ్చాక అది ఎవరు నేసిందో అడిగేవాళ్ళు లేరు. దాని గురించి అమ్మ ఎప్పుడూ ఏమీ అనలేదు. మా ఇంట్లో ముఖ్యమైన విషయాల గురించి ఏమీ అనకపోవడం ఒక అలవాటు. నాకు అది ఆస్తిగా వచ్చింది.

నడుము నొప్పితో నాయన మగ్గం దిగి, అరక్కోణంలో ఎవరో వదిలించుకున్న ఒక పాత డీజిల్ వ్యాను కొన్నాడు. వీధిలో వాళ్ళ చీరలన్నీ తిరువళ్ళూరుకు చేర్చడం ఆయన పని. ఆ వ్యానులో ఇంజిన్ ముందు సీట్ల మధ్యలో, రేకు మూత కింద ఉండేది. చలికాలం అవ్వ దాని పక్కన కూర్చుని మోకాళ్ళు కాపుకుంటూ, ఊరు దాటేవరకూ వచ్చి దిగి నడిచి పోయేది. వ్యానుతో ఆమెకున్న ఉపయోగం అదొక్కటే. ఇంజిన్ ఆవిరి గొట్టాన్ని ఏ మెకానిక్కో ఊడదీసి కిందికి వేలాడేసి వదిలేశాడు. నూనె పొగ నేల సందుల్లోంచి లోపలికొచ్చి, చీరల మూటల్లో స్థిరపడేది.

వ్యాపారిని అందరూ ముదలాళి అనేవాళ్ళు. యజమాని అని అర్థం. ఆయన చీరను చూసేముందు వాసన చూసేవాడు. ఒకరోజు మడత విప్పి ముక్కు దగ్గర పెట్టుకుని, "ఎన్నయ్యా ఇదు? ఏందయ్యా ఇది? చీరా, లారీ మీద కప్పే పట్టానా?" అన్నాడు. నాయన నవ్వాడు. ముదలాళి నవ్వలేదు. ఇంకోసారి ఈ వాసన వస్తే మీ వీధి సరుకు వద్దు, ఇంకో ఊరు చూసుకుంటానన్నాడు, మర్యాదగానే.

డబ్బా సంగతి నాయనకు టీ కొట్టు దగ్గర లారీ డ్రైవర్లు చెప్పారు. ఇంటికొచ్చి బిస్కెట్ డబ్బా ఒకటి ఖాళీ చెయ్యమన్నాడు, ఖాళీ చెయ్యడంలో నేను సాయపడ్డాను. గిన్నెలకు మాట్లు వేసేవాడితో రెండు చిన్న గొట్టాలు, అడుగున ఒక బిరడా పెట్టించాడు. ఒక గొట్టానికి ఇంజిన్ నుంచి వచ్చే పైపు, ఇంకోదానికి గాలి దారిలోకి పోయే పైపు, సైకిల్ ట్యూబు కోసిన పట్టీలతో బిగించాడు. మిగిలిందల్లా లోపల ఆవిరి అంటుకోవడానికి ఏదో ఒకటి కూరడం. డ్రైవర్లు కొబ్బరి పీచు పెట్టమన్నారట.

"పీచు వద్దు. దుమ్ము రాలతాది. ఆ దుమ్మంతా ఇంజిన్ లోపలికి పోతే?" అంది అమ్మ, మగ్గం మీద నుంచే.

"మరి ఏం పెడదాం?"

"నూలు ఉండాది కదా. నూలుకంటే శుద్ధమైంది ఏముండాది?"

"ఇంజిన్‌కు కూడా చీర కట్టించేటట్టుండావే" అంది అవ్వ.

"కట్టిస్తే తప్పేం? మీ కొడుకు దాని పక్కనే కదా కాపురం చేసేది" అంది అమ్మ. అవ్వకు అది ఎంత నచ్చిందంటే, సాయంత్రం వరకూ వీధిలో ఇంటింటికీ తానే చెప్పుకుంది.

అమ్మ కండెల్లో మిగిలిన మెత్తటి పేక నూలు తెచ్చి, పక్షి గూడు అల్లినట్టు డబ్బాలో వదులుగా సర్దింది. అది పని చేసింది. నేను ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగినదాన్ని బట్టి ఆ ఆలోచనే పిచ్చిదని అనుకునే ప్రమాదం ఉంది. పొగ ఆగింది, వాసన పోయింది, ముదలాళి ముక్కు శాంతించింది. శుక్రవారం పొద్దున నాయన బండి కడిగి, డబ్బాకు కూడా పసుపు పూసి, అడుగు బిరడా తీసి నూనె కొబ్బరి చిప్పలోకి పట్టేవాడు. ఆ నూనె బావి గిలకకు, తలుపు బందులకు, నా సైకిల్ చెయినుకు పోయేది. మా ఇంట్లో ఏదీ కిర్రుమనని కాలం అదొక్కటే. అమ్మ పాత నూలు తీసి పారేసి, కొత్తది సర్దేది. ఆ పని ఇంకొకరికి ఇచ్చేది కాదు.

ఆ మధ్యలోనే ముదలాళి అడిగాడు. అమ్మ తన కోసం నేసుకున్న ఒక చీర, వడ్లగింజల వరసలాంటి సన్న అంచుది, మూటలో పొరపాటున పోయింది. ఆయన దాన్ని వెనక్కి పంపలేదు. ఇది నేసింది ఎవరని నాయనను అడిగాడు. ఒక పెళ్ళివారికి అదే అంచుతో కొన్ని చీరలు కావాలి, ఆమెనే నెయ్యమను, అవి నచ్చితే ఇకమీదట పెళ్ళి చీరలన్నీ ఆమె ఇష్టం వచ్చిన అంచుతో ఆమె చేతికే ఇస్తానన్నాడు. నాయన ఈ కబురు ఇంట్లో చెప్పినప్పుడు అమ్మ పడుగులో అటూ ఇటూ పరిగెత్తే నాడెను ఆపలేదు. "చూస్తాం" అంది. కానీ మర్నాటి నుంచి కండెలు మమ్మల్ని చుట్టనివ్వలేదు, తానే చుట్టుకుంది. పడుగుకు గంజి పట్టించేటప్పుడు వీధిలో తానే నిలబడి, సన్న నూలు కదా, ఇంకోసారి, ఇంకోసారి అని చిక్కగా పట్టించింది. ఆ చలికాలమంతా ఆమె వీపు నిటారుగా ఉండేది. ఆ చీరలు నచ్చితే ఆమె ఇక మీదట తన చీరలు నేస్తుంది. నచ్చకపోతే మళ్ళీ ఎవరో చెప్పిన రంగు, ఎవరో పంపిన అంచు. మాకందరికీ ఇది తెలుసు.

ఆఖరి చీర మగ్గం నుంచి కోసిన మర్నాడు పొద్దున, అమ్మ కూడా వ్యానెక్కింది. తిరువళ్ళూరుకు సరుకుతో వెళ్ళడం ఆమెకు అదే మొదలు. చీరల్ని ఉతికిన పాత పంచెలో కట్టి, వెనక పెట్టనివ్వకుండా ఒళ్ళో పెట్టుకుంది. ఇంజిన్ రేకు మూత పక్కన ఆమె, తలుపు పక్కన నేను. కాలేజీకి సెలవులు. మంచు ఎంత దట్టంగా ఉందంటే, ఎదురుగా వచ్చే బస్సు కంటే ముందు దాని హారనే వచ్చేది.

"డబ్బాలో నూలు మార్చినావా?" అన్నాడు నాయన, బండి స్టార్టు చేస్తూ.

"మార్చినా. ఈ పొద్దు మంచి నూలే పెట్టినా" అంది అమ్మ.

మంచి నూలు అంటే, చీర కోశాక మగ్గం మీద మిగిలిన పడుగు కొసలు. ఆమె అంత శ్రద్ధగా గంజి పట్టించిన సన్న నూలు. గరగరలాడుతూ, పొంగుగా, డబ్బా నిండా చక్కగా నిలబడి ఉంటుంది కదా అని పెట్టింది. పైగా అది ఆ చీరల నూలే. వాటితో బాటు అదీ ప్రయాణం చెయ్యాలని ఆమెకు అనిపించి ఉండవచ్చు. ఇది నా ఊహ.

తిరువాలంగాడుకు తిరిగే దారి దాటాక ఇంజిన్ గొంతు మారింది. నాయన తల వంచి విన్నాడు. అంతలో రేకు మూత కింద ఏదో టప్‌మని ఎగిరి, మూత అంచు సందులోంచి నల్లటి వేడి నూనె సన్నటి జల్లుగా అమ్మ వైపు కొట్టింది. ఆమె అరవలేదు. మూట మీదికి వంగింది. నాయన బండిని పక్కకు లాగి ఆపేసరికి ఆమె భుజం, చెయ్యి నల్లగా ఉన్నాయి. ఆమె దిగి, రోడ్డవతల మూట విప్పి చూసుకోవడం మొదలుపెట్టింది. చీరలన్నీ ఒకదాని మీద ఒకటి మడిచి ఉండడం వల్ల, నూనె అన్నిటి అంచునూ ఒకే చోట ముద్దు పెట్టుకున్నట్టు తాకి ఉంది.

నాయన, నేను మూత ఎత్తాం. నూనె కొలిచే కడ్డీ ఒత్తిడికి ఊడి పైకి లేచి ఉంది. ఆయన డబ్బా మూత తీశాడు. లోపల గూడు లేదు. చలికి నీళ్ళైన ఆవిరిలో, ఇంజిన్ వేడికి, పడుగు కొసల గంజి మళ్ళీ కాగింది. నూలు, నూనె కలిసి బంకగా ఉడికి గొట్టం నోటిని మైదా పిండితో మూసినట్టు మూసేసింది. ఇంజిన్‌కు ఊపిరి వదిలే దారి లేకపోయింది. డబ్బాలోంచి మా వీధి తెల్లవారుజాము వాసన వచ్చింది.

నాయన నా వైపు చూశాడు. మూత పెట్టేశాడు.

అమ్మ రోడ్డు దాటి వచ్చి, "ఏమైనాది?" అంది.

"పైపు. పైపు పగిలిపోయినాది" అన్నాడు నాయన.

అమ్మ పైపును చూసింది. అది ఎక్కడా పగల్లేదు. చేత్తో తడిమినా పగల్లేదు. ఆమె ఒక్క క్షణం గాలి పీల్చింది.

"యాడో ఎవురో గంజి కాస్తా ఉండారు" అంది.

"ఆమా, నిజమే. ఊరు పక్కనే కదా" అన్నాడు నాయన.

అటూ ఇటూ పొలాలే. ఆమెకు తెలిసిపోయిందని ఆ మాటతో నాకు తెలిసింది. ఆయనకూ తెలిసే ఉంటుంది. నేను చదువుకున్నవాణ్ణి కాబట్టి ఏదైనా అనాలని ప్రయత్నించి, మంచు ఇంకా తగ్గలేదన్నాను.

నాయన డబ్బాను విడదీసి, గొట్టాన్ని పాత పద్ధతిలో కిందికి వేలాడేసి, నూనె పోసి, బండిని తిరువళ్ళూరు చేర్చాడు. ముదలాళి మమ్మల్ని కూర్చోబెట్టి కాఫీ తెప్పించాడు. చీరల్ని ఒక్కొక్కటే విప్పి, అంచును వేలితో తడిమి, మరకను కూడా తడిమాడు. "కైవేలై నల్లా ఇరుక్కుమ్మా. చేతి పని బాగుండాది. ఒక్క మాట కూడా అనేకి లేదు" అన్నాడు. తర్వాత వాటిని అన్నిటినీ మడిచి, మా వైపుకు జరిపాడు. పెళ్ళివారికి టైము లేదు, ఇంకెవరి దగ్గరో తీసుకుంటానన్నాడు. అమ్మ కాఫీ పూర్తిగా తాగింది. గ్లాసు కింద పెట్టి, కొంగుతో బల్ల మీద పడిన చుక్క తుడిచింది.

మర్నాడు నాయన కొత్త పైపు కొనుక్కొచ్చి, బాగున్న పాత పైపు తీసేసి బిగించాడు. అబద్ధానికి అంత చక్కగా రిపేరు చేసినవాణ్ణి నేను ఇంకొకణ్ణి చూడలేదు. డబ్బాలో కొబ్బరి పీచు కూరాడు. దుమ్ము రాలలేదు. వ్యాను ఇంకా చాలా కాలం నడిచింది. అరటి గెలలు మోసింది, పెళ్ళిళ్ళ మైకు సెట్లు మోసింది, కొన్నాళ్ళు మేకల్ని కూడా మోసింది. వాసన గురించి మేకలు ఎవరికీ చెప్పుకోలేదు. మరక చీరల్ని అమ్మ కుంకుడుకాయతో, సున్నంతో, ఎవరేది చెబితే దానితో ఉతికింది. మరక లేత బూడిద రంగుకు వచ్చి అక్కడ ఆగింది. ఆ తర్వాత ఎవరి పెళ్ళికైనా ఆమె, అవ్వ అవే కట్టుకున్నారు. మరక ఉన్న చోటు కుచ్చిళ్ళలోకి పోయేటట్టు మడుచుకోవడం ఇద్దరికీ చెయ్యి తిరిగిపోయింది.

ఇప్పుడు మా వీధిలో మగ్గం లేదు. పొద్దున్నే గంజి వాసనకు బదులు కంపెనీ బస్సు వస్తుంది. పిల్లలు మెడలో కార్డులు వేసుకుని ఎక్కుతారు. తమిళంలో చదువుకున్నారు, నేను రాసింది చదవలేరు, నేనే చదివి వినిపించాలి. వినిపిస్తే, ఒక డబ్బా కోసం ఇంత గోలేంటని అడుగుతారు. సమంజసమైన ప్రశ్నే. మాకు అప్పుడు ఒక మాట అనగలిగే నోరు ఉండి ఉంటే బాగుండేదని చెప్పొచ్చు. తనకు తెలిసిందని ఆమె అని ఉండొచ్చు, తప్పేం లేదు మళ్ళీ పడుగు సాద్దామని ఆయన అని ఉండొచ్చు. ఇప్పటి పిల్లలు ప్రతిదీ మాట్లాడేసుకుంటారు, ఫోన్‌లోనైనా సరే. అది మంచిదనే అనుకుంటాను. మేము మాత్రం ఒకరి నుంచి ఒకరం ఏదో దాచిపెడుతున్నామని నమ్ముతూ, అందరికీ తెలిసిన విషయం చుట్టూ జాగ్రత్తగా నడిచాం.

ఆ పెళ్ళి చీరలు తిరిగొచ్చిన కొన్ని రోజులకు ముదలాళి మామూలు చీరలకు నూలు పంపాడు. నాయన దాన్ని తెచ్చి గోడ పక్కన పెట్టి, "పడుగు సాచేదా?" అన్నాడు. "చూస్తాం లే" అంది అమ్మ. ఆ నూలు కొన్నాళ్ళకు పక్కింటికి వెళ్ళింది. మగ్గం కట్టెలు విప్పి అటక మీదికి ఎక్కించారు. గుంట మిగిలింది. కోడిపిల్లలు అందులో పడి అరిచేవి. అవ్వ ఒకసారి కాలు జారి పడబోయింది. ఇక లాభం లేదు, పూడ్చేద్దాం అంది అమ్మే.

నాయన ఒక మధ్యాహ్నం మోకాలి లోతు గుంటలో నిలబడి, గంపలతో మట్టి వేసుకుంటూ కాళ్ళతో తొక్కాడు. నేను నీళ్ళు చల్లాను. అవ్వ మంచం మీది నుంచి, ఇక్కడ పడుకుంటే చల్లగా ఉంటాదని అంది. చీకటి పడబోయేసరికి నేల సమానమైనట్టు కనిపించింది కానీ, అమ్మ కాళ్ళు పెట్టే చోట, అన్నేళ్ళు తొక్కి తొక్కి లోతైన చోట, మట్టి కుంగింది.

"చాల్లేదు" అన్నాడు నాయన, ఎవరి వైపూ చూడకుండా. "ఇంకో గంప కావాల."

అమ్మ గంప తీసుకుని వెళ్ళి, మట్టి నింపి తెచ్చింది.